నొప్పి ఉండగా నడవవచ్చా? నడుం నొప్పిపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నడుం నొప్పి ఉన్నా రోజువారీ కదలికలు మానుకోవద్దని ఇదివరకు ఈ శీర్షికలో రాసినప్పుడు విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి చాలామంది స్పందించారు. "కదలాలని మాకూ తెలుసు, కానీ కదలలేకపోతున్నాం" అన్నదే ఆ ఉత్తరాలలో ఎక్కువ వాటి సారాంశం. అందువల్ల ఈసారి ఏ వ్యాయామం ఎలా చేయాలన్నది పక్కన పెట్టి, కదలకుండా అడ్డుపడుతున్నది ఏమిటో వివరంగా రాసినవారి ఉత్తరాలను ఎంచుకున్నాను. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 47 సంవత్సరాలు. రెండేళ్ల క్రితం గ్యాస్ సిలిండర్ జరుపుతుండగా నడుము పట్టేసింది. ఎమ్మారై తీయిస్తే ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, ఐదు పూసల మధ్య, డిస్క్ బల్జ్ (పూసల మధ్య దిండులా ఉండే డిస్క్ బయటకు ఉబ్బడం) ఉందని, అరుగుదల మొదలైందని రిపోర్టు వచ్చింది. వంగవద్దని, బరువులు ఎత్తవద్దని, నేల మీద కూర్చోవద్దని చెప్పారు. అప్పటి నుంచి మావారూ, అమ్మాయీ నన్ను చీపురు కూడా పట్టనివ్వడం లేదు. నొప్పి లేని రోజున ఉత్సాహంగా ఇల్లంతా సర్దుతాను, ఆ తరువాత మూడు రోజులు మంచం దిగలేను. పూర్వం మెట్ల దారిన కొండెక్కి అమ్మవారిని దర్శించుకునేదాన్ని. ఇప్పుడు వీధి చివరిదాకా నడవాలన్నా డిస్క్ జారిపోతుందేమోనని భయం. నేను నడవవచ్చా?
— ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: నడవవచ్చు, నడవాలి కూడా. కాలు బలహీనపడటం, మూత్రంపై అదుపు తప్పడం వంటి ప్రమాద సూచనలేవీ మీ ఉత్తరంలో లేవు. వాటి గురించి ఈ నెల చివరి సమాధానంలో రాశాను, తప్పకుండా చదవండి. మిగిలినదంతా చూస్తే, ఇప్పుడు మిమ్మల్ని ఆపుతున్నది డిస్క్ కంటే డిస్క్ గురించి మీరు విన్న మాటలేనని నాకు అనిపిస్తున్నది.

ముందుగా ఆ రిపోర్టు సంగతి చూద్దాం. నడుం నొప్పి అసలే లేని మూడు వేల మందికి పైగా వ్యక్తుల స్కాన్ ఫలితాలను క్రోడీకరించిన సమీక్ష ఒకటి 2015లో వెలువడింది. అందులో 20 ఏళ్ల వయసువారిలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి బల్జ్ కనిపించాయి. 50 ఏళ్ల వయసుకు వచ్చేసరికి అరుగుదల 80 శాతం మందిలో, బల్జ్ 60 శాతం మందిలో ఉన్నాయి. వీరెవరికీ నొప్పి లేదన్న విషయం మళ్లీ గుర్తు చేస్తున్నాను. అంటే, బీసెంట్ రోడ్డులో ఏ బాధా లేకుండా బజారు చేసుకుంటున్న మీ ఈడు స్త్రీలను కొందరిని పిలిచి ఎమ్మారై తీయిస్తే, వారిలో సగం మందికి మీ రిపోర్టులో ఉన్న మాటలే రావచ్చు. ఇన్ఫెక్షన్, కణితి, ఎముక విరగడం, నరంపై తీవ్రమైన ఒత్తిడి వంటివి ఉన్నాయేమోనన్న అనుమానం వచ్చినప్పుడు స్కాన్ ఎంతో అవసరం. అటువంటివేమీ లేవని తేలిన తరువాత మాత్రం, ఆ కాగితం మీద ఉన్న మాటలను మీ నడుము భవిష్యత్తుగా చదువుకోనక్కరలేదు. నడుం నొప్పి కేసులలో దాదాపు 90 శాతం, ఫలానా జబ్బు వల్లనో ఫలానా భాగం దెబ్బతిన్నందువల్లనో వచ్చిందని తేల్చి చెప్పలేని రకానికి చెందినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

డిస్క్ జారిపోతుందన్న భయం విషయానికి వస్తే, డిస్కులు పై పూసకూ కింది పూసకూ గట్టిగా అతుక్కొని ఉంటాయి. నడిచినంత మాత్రాననో, చీపురు పట్టినంత మాత్రాననో పక్కకు జారిపడేవి కావు. డిస్క్ నిజంగా చిట్లి లోపలి పదార్థం బయటకు వచ్చినవారిలో కూడా, చాలామందికి అది కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది.

అయితే నొప్పి మాత్రం నిజం, అందులో సందేహం లేదు. ఒకసారి తీవ్రంగా పట్టేసిన తరువాత నరాల వ్యవస్థ అతి జాగ్రత్తలో పడుతుంది. ఒకసారి దొంగను చూసిన కాపలా కుక్క ఆ తరువాత పాలవాడిని చూసినా మొరిగినట్లుగా, ప్రమాదం లేని కదలికకు కూడా నొప్పి పుట్టిస్తుంది. ఆ నొప్పిని కొత్త దెబ్బగా అర్థం చేసుకొని మనం కదలడం మానేస్తాం. మానేసిన కొద్దీ కండరాలు బలం తగ్గుతాయి, ఆయాసం వస్తుంది, నిద్ర పలచబడుతుంది, మనసు దిగులుపడుతుంది, చిన్న పనికే నొప్పి వస్తుంది. దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్నవారిని ఏళ్ల తరబడి మంచానికి కట్టిపడేస్తున్నది చాలాసార్లు ఈ వలయమే.

నా దగ్గరకు వచ్చేవారిలో తరచూ గమనించే విషయం ఒకటి చెబుతాను. "అస్సలు వంగలేనండీ" అని చెప్పినవారే, పరీక్ష ముగిసి బయలుదేరేటప్పుడు కుర్చీలో కూర్చొని, ముందుకు వంగి, చెప్పుల పట్టీ పెట్టుకుంటారు. నిలబడి నేల మీది వస్తువును అందుకునేటప్పుడు నడుము ఎంత వంగుతుందో ఆ క్షణంలోనూ దాదాపు అంతే వంగుతుంది, కానీ వారి ధ్యాస నడుము మీద ఉండదు, నొప్పీ అంతగా తెలియదు. వారినే లేపి, కింద పడిన పెన్ను తీయమంటే ఊపిరి బిగబడతారు, ఒక చేత్తో బల్లను పట్టుకుంటారు, మెడ నిటారుగా పెట్టి మోకాళ్లు మాత్రమే మడుస్తారు. అప్పుడు నడుముకు ఇరువైపులా ఉన్న కండరాలను తాకితే వేలు దిగనంతగా బిగుసుకొని ఉంటాయి. వంగడం కంటే ఆ బిగింపే ఎక్కువ శ్రమ. అందుకే ఊపిరి వదులుతూ, కుర్చీలో కూర్చొని ముందుకు వాలడం నుంచి మళ్లీ మొదలుపెట్టమంటాను. కొన్ని రోజులకు అది తేలికపడిన తరువాత నిలబడి మోకాళ్లదాకా, ఆ తరువాత పాదాలదాకా వంగడం అలవాటు చేసుకోవచ్చు. మీకు ముగ్గులు పెట్టే అలవాటుంటే ఇంతకంటే మంచి సాధన లేదు. మొదట నాలుగు చుక్కల ముగ్గుతో ఆరంభించి, వారానికి కొంత పెంచుకుంటూ పోతే, ధనుర్మాసం వచ్చేనాటికి వాకిలి నిండుగా పెట్టగలుగుతారు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం, నొప్పి లేని రోజున ఇల్లంతా సర్ది తరువాత మూడు రోజులు పడుకుంటున్నానన్నది. చురుకుగా ఉండాలన్న కోరిక మీలో బలంగా ఉంది. దానికి కొలత మాత్రం లేదు, నొప్పి ఎంత చెబితే అంత. ఆ పెత్తనాన్ని గడియారానికి అప్పగించండి. మూడు రోజులపాటు, అసౌకర్యం మొదలయ్యేదాకా నడిచి ఎన్ని నిమిషాలైందో రాసుకోండి. ఉదాహరణకు 10, 14, 6 నిమిషాలు వచ్చాయనుకుందాం. వాటి సగటు 10. అందులో ఐదో వంతు తగ్గించి 8 నిమిషాలతో మొదలుపెట్టండి. నొప్పి ఉన్న రోజునా 8 నిమిషాలే, హాయిగా ఉన్న రోజునా 8 నిమిషాలే. రెండో నియమమే కష్టం, ఎందుకంటే హాయిగా ఉన్న రోజున ఆగడానికి మనసొప్పదు. ఐదారు రోజులు నిలకడగా గడిచిన తరువాత ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ఇంటిపనికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఇల్లంతా ఒకే రోజున సర్దకుండా, ఒక అలమరతో ఆపి, మరునాడు ఇంకొకటి చూసుకోవాలి. నడిచిన తరువాత నొప్పి కొద్దిగా పెరిగి, మరునాటికి యథాస్థితికి వస్తే ఏ హానీ జరగలేదని అర్థం.

మళ్లీ పట్టేసినప్పుడు మంచం మీద ఉండాలా అన్న సందేహం మీకు రాకపోదు. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి నగరంలో 186 మంది పురపాలక ఉద్యోగులతో ఒక అధ్యయనం జరిగింది. అప్పుడే నడుము పట్టేసిన వారిలో కొందరికి రెండు రోజుల పూర్తి విశ్రాంతి, కొందరికి నడుము వ్యాయామాలు, మిగిలినవారికి ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకోమన్న సలహా ఇచ్చారు. అందరికంటే త్వరగా కోలుకున్నది మామూలు పనులు చేసుకున్నవారు, అందరికంటే నిదానంగా కోలుకున్నది మంచం పట్టినవారు. కాబట్టి మరీ తీవ్రంగా ఉన్నప్పుడు కాసేపు నడుం వాల్చడంలో తప్పులేదు కానీ, మంచాన్నే వైద్యంగా చేసుకోకూడదు.

ఇక మీ వారికీ, అమ్మాయికీ ఒక మాట. మీరు ప్రేమతోనే చీపురు లాక్కుంటున్నారని నాకు తెలుసు. కానీ "నువ్వు చేయకు, నేను చేస్తాలే" అన్న మాట రోజుకు పదిసార్లు విన్న మనిషికి తన నడుము చేతకానిదన్న నమ్మకం కుదురుకుంటుంది. పని మొత్తం తీసేసుకోకుండా పంచుకోండి. ఆమె వంట చేస్తే మీరు బిందెలు మోయండి, సాయంత్రం ఆమెతో కలిసి ఆ 8 నిమిషాలూ నడవండి, నొప్పి ఎలా ఉందని అడగడానికి బదులు ఈ రోజు ఎంతదాకా వెళ్దామని అడగండి. మాటలకున్న బలాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1997 నుంచి కొంతకాలం, నడుం నొప్పి వచ్చినా మంచం పట్టవద్దు, పనులు మానవద్దు అని టీవీలో విస్తృతంగా ప్రచారం చేశారు. ప్రజల నమ్మకాలు, వైద్యుల సలహాలు రెండూ మారాయి, నడుం నొప్పి పేరిట వచ్చే పరిహారపు దరఖాస్తులు సైతం తగ్గాయి.

కొండ మెట్ల కోరికను వదులుకోవద్దు. మీ ఇంటి మెట్లు ఒక అంతస్తు ఎక్కి దిగడంతో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. అయితే దర్శనానికి దసరా రోజులు ఎంచుకోకండి. నడుం నొప్పి ఉన్నవారికి మెట్లెక్కడం కంటే క్యూలో గంటల తరబడి కదలకుండా నిలబడటమే కష్టం. రద్దీ లేని మామూలు రోజున, తెల్లవారుజామున, మధ్యమధ్య ఆగుతూ ఎక్కండి.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 52 సంవత్సరాలు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీగా పనిచేస్తారు. మూడేళ్లుగా నడుం నొప్పి. ఫిజియోథెరపీ చేసేవారు వ్యాయామాలు రాసిస్తే, "రోజంతా టిక్కీలు మోసేవాడికి మళ్లీ ఎక్సర్‌సైజులు దేనికిరా" అని ఆ కాగితం పక్కన పడేశారు. నొప్పి బిళ్ల వేసుకొని పనికి వెళ్తున్నారు. పని మానమంటే ఇల్లు గడవదు. ఏం చేయాలి?
— ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

సమాధానం: మీ నాన్నగారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి సరైన జవాబు చెప్పకుండా కాగితం చేతికిస్తే ఎవరైనా పక్కన పెడతారు.

శరీరానికి మేలు చేసే శ్రమకూ, అరగదీసే శ్రమకూ తేడా బరువులో మాత్రమే లేదు. 40 కిలోలకు పైబడిన టిక్కీని ఎప్పుడు ఎత్తాలో, ఎన్ని ఎత్తాలో, మధ్యలో ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది మీ నాన్నగారు కాదు, వచ్చిన సరుకు, ఎదురుచూస్తున్న లారీ. ఒకే రకం కదలిక, ఒకే వైపు బరువు, కోలుకునే వ్యవధి లేకపోవడం, దానికి తోడు ఎండ. వ్యాయామంలో ఇవన్నీ మన చేతిలో ఉంటాయి. కొద్ది బరువుతో, అన్ని వైపులకూ, విశ్రాంతి ఇస్తూ చేయడం వల్ల కండరం బలపడుతుంది. పనిలో పడే శ్రమ ఖాళీ సమయపు వ్యాయామంతో సమానమైన మేలు చేయదని అనేక అధ్యయనాలలో తేలింది. ఇది ఆయనకు చెప్పవలసిన పద్ధతి: "నాన్నా, నువ్వు తక్కువ కష్టపడుతున్నావని కాదు, నీ కష్టాన్ని తట్టుకునే బలం నీ నడుముకు ఇవ్వడానికి."

ఫిజియోథెరపీవారు రాసిచ్చిన కాగితంలో ఎనిమిదో పదో వ్యాయామాలుంటే ఎవరూ చేయరు. మళ్లీ వెళ్లి, మూడింటికి తగ్గించి ఇవ్వమని అడగండి. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాచడం, గోడకు ఆనుకొని సగం కూర్చొని లేవడం, ఈ మూడూ పది నిమిషాల్లో అయిపోతాయి. పనికి బయలుదేరేముందు టీ తాగే సమయానికి వీటిని జత చేస్తే అలవాటు నిలుస్తుంది. రాత్రి అలసిపోయి వచ్చిన తరువాత చేద్దామనుకుంటే జరగదు. ఫీజు ఇబ్బంది అయితే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంది.

పనిలో చేసుకోగల మార్పులు కొన్ని ఉన్నాయి. యార్డుకు వేసవిలో, మే, జూన్ నెలల ప్రాంతంలో సెలవులిస్తారు. ఆ వారాలన్నీ పూర్తిగా ఖాళీగా ఉండి, తెరిచిన మొదటి రోజునే ఎప్పటిలాగా మోయడం నడుముకు పెద్ద పరీక్ష. సెలవుల్లోనూ రోజూ నడవడం, కొంత బరువు ఎత్తడం మానకూడదు. పని మొదలైన తొలి వారంలో కాటా దగ్గర పని, బస్తాలు కుట్టే పని కొంతసేపైనా కలిసేలా ముఠా మేస్త్రీతో మాట్లాడుకోవాలి. వీపు మీదికి ఎత్తేటప్పుడు ఇద్దరు చేయి వేయడం నియమంగా పెట్టుకోవాలి. నొప్పి అని చెబితే పనిలోకి రానివ్వరన్న భయంతో చాలామంది ముఠాలో నోరు విప్పరు. మీ నాన్నగారికి ఉన్న నొప్పి పక్కవారికీ ఉండి ఉంటుంది. ఒకరు అడిగితే అందరికీ ఉపయోగపడే మార్పు ఇది.

బిళ్లల విషయంలో మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను. వైద్యుడు చూడకుండా మెడికల్ షాపులో కొని రోజూ వేసుకునే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు కలిగించవచ్చు, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఎండలో చెమటోడ్చి, సరిపడా నీళ్లు తాగని శరీరంలో మూత్రపిండాలకు ఆ ముప్పు మరింత ఎక్కువ. రక్తపోటు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు ఒకసారి చేయించండి.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిని, వయసు 33. రోజంతా కుర్చీలోనే. గత ఏడాది రెండుసార్లు నడుము పట్టేసి తగ్గింది. నడుద్దామంటే మా రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు, కుక్కల బెడద, వేసవిలో ఉదయం ఏడింటికే ఎండ మండిపోతుంది. జిమ్‌కు వెళ్తే నడుం నొప్పి ఉందని తెలిసి చేర్చుకోలేదు. అసలు నాకు ఏ వ్యాయామం మంచిది?
— పటమట, విజయవాడ

సమాధానం: నడకైనా, యోగా అయినా, ఈతైనా, బరువులతో చేసే వ్యాయామమైనా మీరు ఆరు నెలల తరువాత కూడా కొనసాగిస్తున్నదే మీకు మంచిది. వీటిలో ఒకటి మిగతా వాటికంటే ఎంతో గొప్పదని నిరూపణ కాలేదు. నడుము పట్టేసి తగ్గినవారికి నడక విషయంలో మాత్రం ఈ మధ్య మంచి ఆధారం దొరికింది. ఆస్ట్రేలియాలో 701 మందితో జరిగిన అధ్యయనం 2024లో ప్రచురితమైంది. అందులో ఒక బృందానికి ఫిజియోథెరపిస్టులు నడకను నెమ్మదిగా పెంచుకుంటూ, ఆరు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల లక్ష్యానికి చేర్చేలా తోడ్పడ్డారు. పనులకు ఆటంకం కలిగించేంత నొప్పి తిరగబెట్టడానికి ఆ బృందంలో మధ్యస్థంగా (సగం మందికి అంతకంటే ముందు, సగం మందికి ఆ తరువాత) 208 రోజులు పట్టగా, అటువంటి తోడ్పాటు లేనివారిలో 112 రోజులే పట్టింది. ఖరీదైన పరికరమేదీ ఇందులో లేదు.

మీరు చెప్పిన అడ్డంకులు సాకులు కావు. బందరు రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద బండ్లు, తోపుడు బళ్లు తప్పించుకుంటూ పది నిమిషాలు నడిచినవారెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. నడవడానికి వీలైన దారిని ఇవ్వడం నగరపాలక సంస్థ బాధ్యత. మీ కాలనీవారు కలిసి అడగవలసిన విషయం కూడా. అందాకా ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో ఉదయం నడిచేవారితో కలవవచ్చు, అంత దూరం కుదరనప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లారు, మేడ మీద, బ్యాంకు వరండా కూడా నడక స్థలాలే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బెజవాడ ఎండల్లో పగటి నడక ఎవరికీ సలహా ఇవ్వను. ఆ మూడు నెలలకు సూర్యోదయానికి ముందో, రాత్రి భోజనానికి ముందో వేళ మార్చుకోండి. చాలామంది వేసవిలో మానేసి, వానలు రాగానే మొదలుపెడదామనుకుంటారు. అలా మానినవారు తిరిగి మొదలుపెట్టడం అరుదు.

ఒకేసారి అరగంట దొరకకపోయినా ఫరవాలేదు. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ (చురుకైన నడక వంటిది), రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతును అప్పుడే తీసేసింది కూడా. ఫోను వచ్చినప్పుడు లేచి నిలబడి మాట్లాడటం, లిఫ్టు బదులు మెట్లు, అరగంటకోసారి సీటు నుంచి లేవడం అన్నీ మేలు చేసేవే. కూర్చునే భంగిమ గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకండి. ఎంత చక్కని భంగిమైనా గంటల తరబడి మార్చకపోతే నడుము విసుగుతుంది.

జిమ్ వారు చేర్చుకోకపోవడం అనవసరపు జాగ్రత్త. తక్కువ బరువుతో మొదలుపెట్టి పెంచుకుంటే బరువుల వ్యాయామం నడుం నొప్పి ఉన్నవారికి మంచిదే. మీకు వ్యాయామం చేయడానికి అభ్యంతరం లేదని మిమ్మల్ని చూసిన వైద్యుని చేత రాయించుకొని మరోసారి అడగండి.

ప్రశ్న: నడుముకు బెల్టు పెట్టుకుంటేనే ధైర్యంగా తిరగగలుగుతున్నాను. మూడు నెలలకు పైగా వాడుతున్నాను. చెక్క బల్ల మీద పడుకోవాలని కూడా కొందరు అంటున్నారు. నిజమేనా?
— అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులను, ట్రాక్షన్‌ను (నడుమును లాగి పట్టే చికిత్సను) మామూలుగా వాడవద్దని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయితే ధైర్యం కోసం పెట్టుకుంటున్న బెల్టును ఒక్క రోజులో తీసేయమంటే మీరు తిరగడమే మానేస్తారేమో. ఇంట్లో ఉన్నప్పుడు తీసేయడంతో మొదలుపెట్టి, తరువాత దగ్గరి దూరాలకు, చివరగా ప్రయాణాలకు మానండి. పరుపు విషయంలో, 2003లో స్పెయిన్‌లో 313 మందితో చేసిన పరీక్షలో గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపే మెరుగని తేలింది. చెక్క బల్ల అక్కరలేదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, వయసు 69. ఇదివరకు రోజూ స్టేడియంలో నాలుగు రౌండ్లు నడిచేవాణ్ణి. ఏడాదిగా కొంత దూరం నడిచేసరికి నడుము నుంచి రెండు కాళ్లలోకి బరువు, తిమ్మిరి దిగుతున్నాయి. ఏ అరుగు మీదనో కూర్చుంటే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. నడక మానేశాను. దారిలో పడిపోతానేమోనని ఇంట్లోవారి భయం, నాకూ అదే. మళ్లీ నడవగలనా?
— బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ లక్షణాలు వెన్నుపూసల మధ్య నరాలు సాగే దారి వయసుతోపాటు ఇరుకైనవారిలో కనిపించే లక్షణాలను పోలి ఉన్నాయి. నిలబడినప్పుడు, నడిచినప్పుడు ఆ దారి మరికొంత ఇరుకవుతుంది. కూర్చుంటే, ముందుకు వంగితే కొంత వెడల్పవుతుంది. అందుకే మీకు అరుగు మీద కూర్చోగానే ఉపశమనం కలుగుతున్నది. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినప్పుడు కూడా నడిస్తే నొప్పి వస్తుంది. పొగతాగే అలవాటు లేదా మధుమేహం ఉన్నవారు దాన్ని మొదట తేల్చుకోవాలి. ఆ నొప్పి సాధారణంగా పిక్కల్లో వస్తుంది, వంగకుండా ఊరికే నిలబడినా తగ్గుతుంది. వైద్యుడు పాదాల నాడి పట్టి చూసి రెంటికీ తేడా చెప్పగలరు.

మీరు నడవవచ్చు, నాలుగు రౌండ్లు ఏకబిగిన నడవాలన్న పంతం మాత్రం వదలండి. బరువు మొదలయ్యేలోపే కూర్చోవాలి, అంటే మూడు నిమిషాలకు మొదలవుతుంటే రెండు నిమిషాలకే ఆగాలి. కూర్చొని లేచి మళ్లీ నడవాలి. ఇలా విడతలుగా నడిస్తే మొత్తం మీద మునుపటికంటే ఎక్కువ దూరమే నడవగలుగుతారు. మీరు వెళ్లే దారిలో కూర్చునే చోట్లు ఎక్కడెక్కడున్నాయో ముందే చూసుకోండి. పెద్దవారు నడక మానేయడానికి కూర్చునే బల్ల లేకపోవడం, మూత్రశాల దగ్గరలో లేకపోవడం చాలా సందర్భాల్లో కారణమైనా, ఆ విషయం ఎవరూ పైకి చెప్పరు. కాస్త ముందుకు వాలి తొక్కే ఇంట్లోని సైకిలు చాలామందికి సుఖంగా ఉంటుంది, గుండెకూ కాళ్లకూ కావలసిన శ్రమ దొరుకుతుంది. పడిపోతామన్న భయానికి చేతికర్ర మంచి తోడు. దాన్ని వృద్ధాప్యానికి గుర్తుగా భావించి ఇంట్లోనే ఉండిపోయేవారికంటే, పట్టుకొని తిరిగేవారి కాళ్లు ఎక్కువ కాలం బలంగా ఉంటాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, వంటింటి గట్టు పట్టుకొని ఒంటికాలి మీద నిలబడటం రోజూ సాధన చేయండి.

మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలికి చెబుతానన్న ప్రమాద సూచనలు ఇవి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలంపై అదుపు తప్పడం, జననాంగాల చుట్టూ, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోవడం, కాలు లేదా పాదం రోజురోజుకూ బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా అదే రోజున, రాత్రయినా సరే, పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి, మరునాటి ఓపీ దాకా ఆగకూడదు. జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గక రాత్రుళ్లు నిద్ర లేపే నొప్పి, గతంలో క్యాన్సర్ లేదా క్షయ వచ్చి ఉండటం, చాలాకాలం స్టెరాయిడ్లు వాడి ఉండటం, పెద్ద వయసులో జారిపడిన తరువాత వచ్చిన నొప్పి, వీటికి అంత తొందర లేకపోయినా, వ్యాయామం మొదలుపెట్టకముందే వైద్యునికి చూపించుకోవాలి. మన ప్రాంతంలో వెన్నెముకకు సోకే క్షయ ఇప్పటికీ ఉంది. నెలల తరబడి నొప్పితోపాటు సాయంత్రం వేళ జ్వరం, ఆకలి మందగించడం ఉంటే దానికి పరీక్షలు చేయించాలి.